శుభ్రానికి వాసన వుంటుందా?

పాలు విరిగాయో లేదో, పప్పు అడుగంటిందో లేదో, పక్కింటివాళ్లు ఏ వూరగాయ జాడీ తెరిచారో, అన్నీ మనం ముక్కుతోనే తేల్చేస్తాం. ఆస్పత్రిలో ఫినాయిలు వాసన గుప్పుమంటే "ఫరవాలేదు, శుభ్రంగానే వుంచుతున్నారు" అనుకుంటాం. కొళాయి నీళ్లలో కాస్త బ్లీచింగు వాసన తగిలితే "ఈ పూట మందు కలిపినట్టున్నారు" అని ధైర్యంగా బిందె నింపుకుంటాం. ఇంతవరకూ ముక్కును తప్పు పట్టడానికి లేదు. కాని స్విమ్మింగ్ పూల్ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే కళ్లు చెమర్చేటంత ఘాటు కొడితే, "అబ్బ, ఎంత శుభ్రమో!" అని పిల్లల్ని నీళ్లలోకి దింపేస్తున్నామే, అక్కడ మాత్రం మన ముక్కు మనల్ని మోసం చేస్తోంది. ఆ ఘాటు శుభ్రం తాలూకు వాసన కాదు. మరేమిటంటారా? చెబుతాను గాని, ముందు మా వూళ్ల సంగతి కొంచెం చెప్పనివ్వండి.

నా పుట్టిల్లు మదనపల్లె, మెట్టినిల్లు పుంగనూరు, మా చెల్లెల్ని ఇచ్చింది కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున వున్న వూళ్లివి. మదనపల్లెలో బాహుదా నది వుందంటే వుంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. కుప్పం పక్కన పాలారు సంగతీ అంతే. అందుకని మా వైపు ఈత అంటే కపిల బావిలోనో, చెరువులోనో నేర్చుకోవలసిందే. ఎండిన బెండ్లు నడుముకు కట్టి, లేదా సొరబుర్ర వీపుకు కట్టి, మేనమామ గట్టు మీంచి తోసేసేవాడు. పిలకాయలు కేకలు పెడుతూ రెండు మునకలు వేసి, మూడో రోజుకు బెండ్లు విప్పేసేవాళ్లు. ఆడపిల్లలకు ఆ భాగ్యం ఎండాకాలం మధ్యాహ్నాలు, పెద్దవాళ్లు కునుకు తీసే వేళ మాత్రమే దక్కేది.

అలాగని ఆ నీళ్లు అమృతమని నేననను. పాతకాలం అనగానే కళ్లు మూసుకుని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. రాయలసీమ దిగుడుబావుల్లో నారికురుపు వుండేది. కాలిమీద పొక్కు లేచి, అది చిట్లి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. ఆ పుండు చల్లబడుతుందని మనిషి మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టడం, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలో వదలడం, వాటిని నీటిలోని నలుసంత జీవులు మింగడం, ఆ నీళ్లే బిందెల్లో ఇంటికి రావడం. మన దేశంలో చివరి కేసు 1996లో కనిపించింది. నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000లో ధ్రువపత్రం ఇచ్చింది. మెట్లు మూసి చేదబావులుగా మార్చడమూ, నీళ్లను గుడ్డలో వడగట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడమూ, మందు చల్లడమూ అన్నీ కలిస్తేనే అది పోయింది.

ఇక కలరా సంగతి వేరే చెప్పాలా? 1890ల్లో ఆగ్రాలో హాంకిన్ అనే తెల్లదొర బావుల్లో పొటాషియం పర్మాంగనేటు వేయించడం మొదలుపెట్టాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగేవి. తరవాత బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. దానికి మన దేశంలో కనిపెట్టిన ఒక ఉపాయం నాకెంతో ముచ్చట గొలుపుతుంది. కుండలో కుండ. లోపలి కుండలో ఒకపాలు బ్లీచింగ్ పౌడర్, రెండుపాళ్లు ముతక ఇసక కలిపి నింపి, రెండు కుండలకూ చిల్లులు పెట్టి, తాడు కట్టి బావిలోకి దింపుతారు. మందు ఒక్కసారిగా కరిగిపోకుండా రెండు మూడు వారాలపాటు కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. వంటింటి బుర్ర వున్నవాళ్లెవరో ఆలోచించినట్టుంది కదూ! మామూలుగా అయితే వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి పౌడరు చాలు. అదీ గంటసేపు ఆగి వాడుకోవాలి. ఈ రెండున్నర గ్రాములు గుర్తుంచుకోండి. క్లోరిన్ ఎంత పిసరంతలో పని చేస్తుందో, ఎంత ఎక్కువైతే ఎంత గోల చేస్తుందో తెలుసుకోవడానికి అదే కొలత.

ఇప్పుడా బావులు లేవు. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసినా నీళ్లు పడని చోట్లున్నాయి. కపిల బావులు ముళ్లకంపతో నిండిపోయాయి. ఈత నేర్చుకోవాలంటే రుసుం కట్టి స్విమ్మింగ్ పూలుకు వెళ్లాలి. మా చెల్లెలి మనవరాలు ఒక ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరులో వున్న మేనత్త ఇంటికి వెళ్లి, అక్కడొక పూలులో చేరింది. పైకప్పు వేసి, నాలుగు వైపులా అద్దాలు బిగించిన పూలు. చూడ్డానికి అద్దాల మేడ. వారం తిరిగేసరికి పిల్లకు దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. చెల్లెలు కుప్పం నుంచి ఫోను చేసి, "అక్కా, నీళ్లలో మందు ఎక్కువేసినారంట. ఇంగ ఈతా వద్దు, గీతా వద్దు, ఇంటికి పంపీమన్నాను" అంది. పిల్ల మాత్రం ఏడుస్తోంది. అప్పుడే నీళ్లమీద తేలడం వచ్చిందట దానికి.

ఇంతకీ ఈ మందు ఎక్కడిది? 1774లో షీలే అనే స్వీడన్ మందులవాడు సీసాలో పట్టిన పసుపుపచ్చని గాలి ఇది. పువ్వులు దానిలో పెడితే తెల్లబడ్డాయి, పీలిస్తే గుండెలు బిగబట్టాయి. ఈ రెండు గుణాలూ మొదటి రోజునే కనబడ్డాయన్నమాట. 1810లో హంఫ్రీ డేవీ దానికి క్లోరిన్ అని పేరు పెట్టాడు. ఈలోగానే బట్టల వ్యాపారులు దాన్ని పట్టుకున్నారు. అంతకుముందు నేసిన బట్టను నెలల తరబడి గడ్డిమీద ఆరేసి ఎండకు తెల్లబరిచేవారు. 1799లో స్కాట్లండులో చార్లెస్ టెనెంట్ సున్నానికి క్లోరిన్ పట్టించి పొడి చేశాడు. అదే మనింటికి పొట్లాం కట్టుకొచ్చుకునే బ్లీచింగ్ పౌడర్.

ఆడవాళ్లం ఈ పొడికి ఒక విషయంలో రుణపడి వున్నాం. 1847లో వియన్నాలోని పెద్ద ప్రసవాల ఆస్పత్రిలో సెమ్మెల్వైస్ అనే కుర్ర డాక్టరు వుండేవాడు. ఆయన వార్డులో బాలింతలు జ్వరం వచ్చి చచ్చిపోతుండేవారు. పక్కన మంత్రసానులు పురుడు పోసే వార్డులో అంతమంది పోయేవారు కాదు. డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే తిన్నగా పురిటి మంచం దగ్గరికి వస్తున్నారని ఆయనకు తట్టింది. ఆ జ్వరానికి సూక్ష్మజీవులు కారణమన్న సంగతి అప్పటికి డాక్టర్లకు తెలియదు. చేతులకంటిన శవాల వాసన సబ్బుతో పోవడం లేదు, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో పోతోంది. వాసన పోతోందంటే దాన్ని మోసుకొచ్చేదీ పోతోందని ఆయన తర్కం. అందరిచేతా ఆ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్‌లో ఇద్దరే పోయారు. తోటి డాక్టర్లు మెచ్చుకోలేదు సరికదా, మా చేతులు మురికివా అని మండిపడ్డారు. చూశారా, ఆయనా ముక్కునే నమ్మాడు. ఆయన విషయంలో ముక్కు నిజమే చెప్పింది.

1908లో అమెరికాలోని జెర్సీ నగరానికి వెళ్లే మంచినీళ్లలో డాక్టర్ జాన్ లీల్ క్లోరిన్ మందు కలిపించాడు. ఎవర్నీ అడక్కుండా నీళ్లలో విషం కలిపాడని కోర్టుకు కూడా లాగారు. కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. ఆ తరవాత వూరూరా టైఫాయిడ్ తగ్గుతూ వచ్చింది. 1910 ప్రాంతంలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఈతకొలనులోనూ ఆ మందు వేసి చూశారు. పూలులో క్లోరిన్ కథ అక్కణ్నుంచీ మొదలు.

ఆ వెంటనే 1915 వచ్చింది. ఆ ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మనీ సైన్యం వేలకొద్దీ సిలిండర్ల మూతలు విప్పి క్లోరిన్‌ను గాలివాటుగా శత్రువుల మీదికి వదిలింది. ఈ గాలి మామూలు గాలికంటే రెండున్నర రెట్లు బరువు. అందుకని కందకాల్లోకి దిగి కూర్చుంది. నాలుగు రోజుల తరవాత ఆ గాలికే ఎదురెళ్లినవాళ్లలో మన లాహోర్ డివిజన్ సిపాయిలున్నారు. జమేదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ రోజునే. ఇంగ్లండులో ఒక పత్రిక పిలుపు విని ఆడవాళ్లు వేలాది దూది మెత్తలు కుట్టి సైనికులకు పంపారు. పాపం, అవి పొడిగా వుంటే క్లోరిన్‌ను ఆపలేదు, తడిపితే అసలు వూపిరే ఆడనివ్వలేదు. ఈ దాడిని దగ్గరుండి నడిపించిన రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్. ఆయన భార్య క్లారా కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందినావిడే. ఆ మే నెల 2న ఆవిడ భర్త పిస్తోలుతో కాల్చుకుని చనిపోయింది. క్లోరిన్ దాడే కారణమని కొందరు, ఇంకా వేరే బాధలున్నాయని కొందరు చరిత్రకారులు వాదించుకుంటారు. ఏదైనా, ఇంట్లో అంత జరిగినా ఆయన ఆగకుండా యుద్ధరంగానికి వెళ్లిపోయాడు.

అక్కడ గాలితో వూపిరి తీస్తున్న ఆ 1915లోనే మా మదనపల్లె దగ్గర గాలితో వూపిరి నిలబెట్టే పని సాగుతోంది. అదే ఆరోగ్యవరం శానటోరియం. క్రైస్తవ మిషన్లన్నీ కలిసి పెట్టిన ఆ క్షయ ఆస్పత్రికి మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు దేశస్థుడు ఫ్రిమోట్ ముల్లర్. క్షయకు మందన్నది లేని రోజులవి. రెండువేల అడుగులు పైబడిన ఎత్తు, పొడి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే మందులు. రోగుల మంచాలు గాలి వెలుతురు ధారాళంగా వచ్చే వరండాల్లో వేసేవారు. తరవాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఇంట్లో వుండి మందులు మింగినా శానటోరియంలో వున్నంత బాగానూ నయమవుతుందని మద్రాసులో చేసిన పరిశోధన 1959లో తేల్చింది. క్షయ వరకు వరండాల అవసరం తీరిపోయింది. కాని ఆ వరండాల వెనక వున్న సూత్రం మాత్రం ఇవాళ్టి అద్దాల పూలుకు చాలా అవసరం. ఎందుకో చూడండి.

శుభ్రంగా వున్న నీటిలో, తగుమాత్రం వేసిన క్లోరిన్‌కు వాసన అంతగా వుండదు. పూలులో లీటరు నీటికి ఒకటినుంచి మూడు మిల్లీగ్రాములు వుంటే సరిపోతుందంటారు. ఆ క్లోరిన్‌కు మన చెమట, ఒంటికి రాసుకున్న నూనెలు, పౌడర్లు, మరీ ముఖ్యంగా – ఎలా చెప్పను – పిలకాయలు, అప్పుడప్పుడు పెద్దవాళ్లూ నీళ్లలోనే కానిచ్చేసే పని, ఇవన్నీ తగులుతాయి. వాటిలోని యూరియాతోనూ అమ్మోనియాతోనూ క్లోరిన్ కలిసి క్లోరమైన్లు అనేవి తయారవుతాయి. వాటిలో ట్రైక్లోరమైన్ అనేది నీళ్లలో నిలవదు, పైకి లేచి నీటి మట్టానికి కాస్త పైనే కమ్ముకుని వుంటుంది. సరిగ్గా ఈదేవాడి ముక్కు వుండేది అక్కడే! కళ్లు మండించేదీ, దగ్గు తెప్పించేదీ, మనం "శుభ్రం" అని మురిసిపోయే ఘాటూ అదే. అంటే ఆ వాసన క్లోరిన్ ఎక్కువైందని చెప్పడం కంటే, పదిమంది మురికితో పోరాడి క్లోరిన్ అలిసిపోయిందని చెబుతోందన్నమాట. ఒక్కోసారి ఆ వాసన పోవాలంటే మందు తగ్గించడం కాదు, తెలిసినవాళ్లచేత లెక్కప్రకారం ఇంకా వేయించి, కొంత పాతనీరు తీసేసి కొత్తనీరు పెట్టాలి. వింతగా లేదూ?

మురికి ఎంతుంటుందంటారా? 2017లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు చాలా గడుసు లెక్క వేశారు. కూల్‌డ్రింకుల్లో వేసే ఒక కృత్రిమ తీపి పదార్థం ఒంట్లో అరగకుండా మూత్రంలోనే బయటికి పోతుందట. పూలు నీళ్లలో ఆ తీపి ఎంతుందో కొలిచారు. సుమారు 8,30,000 లీటర్ల పూలులో 75 లీటర్ల మూత్రం వున్నట్టు తేలింది. అక్కడ గోడల మీద బోర్డులు లేక కాదు సుమండీ.

ఆరుబయలు కొలనులో ఆ ట్రైక్లోరమైన్‌ను గాలి ఎగరేసుకుపోతుంది. తిరుమల స్వామి పుష్కరిణిలో ఎన్ని వేలమంది మునిగినా ఆకాశమే పైకప్పు. పైగా ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు కొన్ని వారాలపాటు మూసేసి, నీళ్లు తోడేసి, అడుగునున్న బురదంతా తీసి కడుగుతారు. అద్దాల పూలులో అయితే చలిగాలి తగలకుండా, కరెంటు ఆదా అయ్యేలా కిటికీలు బిగించేస్తారు. పీల్చినదే పీల్చడం.

2002లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ డాక్టర్లు ఇలాంటి లోపలి పూలుల్లో పనిచేసే ముగ్గురికి ఈ క్లోరమైన్ల వల్లనే ఉబ్బసం వచ్చిందని పరీక్షించి చెప్పారు. వాళ్లు ఈత కోసం డబ్బిచ్చి వచ్చినవాళ్లు కారు, రోజంతా గట్టుమీద నిలబడి జీతం తీసుకునేవాళ్లు. మరుసటి ఏడు బెల్జియంలో ఆల్ఫ్రెడ్ బెర్నార్డ్ బృందం, లోపలి పూలులకు తరచు వెళ్లే బడిపిల్లల వూపిరితిత్తుల లోపలి పొర కొంత దెబ్బతిన్న జాడలు రక్తంలో కనబడ్డాయని ప్రకటించింది. తల్లులు హడలిపోయారు. అయితే 2011లో ఇంగ్లండులో 5,700 మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటినుంచీ గమనించిన పరిశోధన దీనికి భిన్నంగా చెప్పింది. ఈతకు వెళ్లే పిల్లలకు ఉబ్బసం ఎక్కువ కాలేదు సరికదా, అప్పటికే ఉబ్బసం వున్నవాళ్లకు వూపిరి కాస్త మెరుగైంది కూడాను. పోటీలకు రోజూ గంటల తరబడి ఈదేవాళ్ల సంగతి వేరు, వాళ్లలో ఉబ్బసం ఎక్కువే. అందుచేత తప్పు ఈతది కాదు. గాలాడని పూలుదీ, కడుక్కోకుండా దిగే మనుషులదీ, లెక్క చూడని నిర్వాహకుడిదీనూ.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. "నువ్వు చెప్పేది వింటే నాకింకా అసయ్యం పుడతా వుంది" అంది. అయినా పిల్లను డాక్టరుకు చూపించారు. పీల్చే మందు రాసిచ్చి, దగ్గు పూర్తిగా తగ్గాక ఆరుబయలు పూలులో పొద్దున్నే, జనం తక్కువున్నప్పుడు ఈదించమన్నాడట. ఈసారి మేనత్త ఆ కొత్త పూలువాణ్ని రోజుకెన్నిసార్లు నీళ్లు పరీక్షిస్తావని అడిగింది. వాడు గోడకు వేలాడుతున్న పుస్తకం చూపించాడు. ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె, పక్కన సంతకం. అలా చూపించినచోట చేర్చండి, "అన్నీ మేం చూసుకుంటామమ్మా" అన్నచోట వద్దు. పిల్లను దింపే ముందు ఒళ్లంతా సబ్బుతో రుద్ది స్నానం చేయించండి, ఒకసారి దొడ్డివైపు పంపించండి. తలకు ఆముదం పట్టించి ఈతకు పంపే అమ్మమ్మలకు ఆ ఒక్క పూట నచ్చజెప్పండి. అప్పటికీ గుమ్మంలోనే కళ్లు మండితే, కట్టిన డబ్బు పోయినా సరే వెనక్కి తీసుకొచ్చేయండి.

క్లోరిన్ కోసం పూలుదాకా పోనక్కర్లేదు, మన స్నానాలగదిలోనూ అది తయారవుతుంది. పండక్కి ముందు బాత్రూము కడుగుతూ, బ్లీచింగ్ పౌడర్ చల్లాక ఇంకా తెల్లబడాలని పైన యాసిడ్ పోసే అలవాటు చాలా ఇళ్లలో వుంది. ఆ రెండూ కలిస్తే లేచేది షీలే సీసాలో పట్టిన ఆ పసుపుపచ్చ గాలే. ఈప్ర కందకాల్లోకి దిగిన గాలీ అదే. తలుపు వేసుకుని కడుగుతున్న మనిషికి రెండు నిమిషాల్లో వూపిరి బిగబడుతుంది. పెద్ద పూలుల్లోనూ ఒక్కోచోట ఇలాగే జరుగుతుంది. నీళ్లు తిప్పే మోటారు ఆగిపోయిన సమయంలో గొట్టంలో యాసిడూ, క్లోరిన్ మందూ ఒకచోట చేరి, మోటారు మళ్లీ వేయగానే ఆ గాలి నీళ్లలోంచి భుగభుగమని వచ్చి పడుతుంది. బాత్రూములో ఏదో ఒకటే వాడండి. రెండోది వాడక తప్పదంటే మొదటిదాన్ని నీళ్లతో బాగా కడిగేసి మరునాడు వాడండి. తెలిసో తెలియకో కలిసిపోయి ఘాటు లేస్తే, అక్కడే నిలబడి నీళ్లు కుమ్మరించకండి. తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చేయండి. పిల్లల్ని లోపలికి రానివ్వకండి. బకెట్టూ చీపురూ సాయంత్రం తీసుకోవచ్చు.